పదోవాడికే జబ్బు

కార్మికుడి జీతంలో 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం చందాగా తీసుకుని, ఉచిత వైద్యంతోపాటు జబ్బుపడిన కాలానికి ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం వేతనం చెల్లించే ఏర్పాటైన ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, సాధారణంగా 10 మంది పనిచేసే చోటనే కాలు మోపుతుంది. కనుక తొమ్మిది మంది ఉన్న వడ్రంగి షెడ్డులోని ఊపిరితిత్తులకు జబ్బుపడే అర్హత ఇంకా రాలేదని భావించాలి.

కోత మిషన్ ముందు ముక్కుకు తువ్వాలు చుట్టుకున్నవాడి గొంతులోకి దిగే కలపధూళి, క్యాన్సర్ కారకాల జాబితాలో చోటు సంపాదించినంత ఘనమైనదే అయినా, హాజరుపట్టీ చదవడం మాత్రం నేర్చుకోలేదు. ఆ పట్టీలో పదో పేరు ఎన్నటికీ ఎక్కదు. ఆరు నెలలుగా రందా పడుతున్న కుర్రవాడు యజమాని లెక్కలో చుట్టపుచూపుగా వచ్చిన మేనల్లుడు.

అసంఘటిత కార్మికులకు, అనగా ఇలా ఏ పట్టీకీ ఎక్కని వారికి, ప్రభుత్వం 2021లో ఈ-శ్రమ్ పోర్టల్ తెరిచి 12 అంకెల సంఖ్య ప్రసాదించింది గనుక, ఆ దగ్గు ఇప్పుడు అనామకం కాదు. అయితే పనికి పోని రోజున కూలి ఇవ్వడం ఆ 12 అంకెల్లో ఒక్కదానికీ చేతకాదు.

ఇక మిగిలింది ఒక్కటే మార్గం. తలలకు బదులు ఊపిరితిత్తులను లెక్కిస్తే, మనిషికి రెండేసి చొప్పున అయిదుగురున్న షెడ్డుకు కూడా పది పూర్తవుతాయి, ఏలినవారు పరిశీలించగలరు.