శవానికి బేరం

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగాక, బీమా సర్వేయరు గారు ముక్కు మూసుకుని ఓ పదేళ్ల కారు చుట్టూ తిరిగి 'టోటల్ లాస్' అని రాశారు.

రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే బండి పోయినట్టే లెక్క. పాత బండికి ఐడీవీయే అంతంతమాత్రం. ఓ మోస్తరు బురద చాలు, దాటేస్తుంది.

‘‘అయితే కారు పోయినట్టేనా అండీ?’’

‘‘పోయింది.’’

‘‘మరి నేనే తీసుకెళ్లి బాగుచేయించుకుంటాను.’’

‘‘కొనుక్కోండి.’’

‘‘పోయినదాన్నా?’’

‘‘దాని ధర పోలేదు కదండీ!’’

ఆ ధర క్లెయిములో కోసేశారు. రూల్ ప్రకారం ఇంకో వెయ్యీ కోసేశారు. పాలసీ మాత్రం కారుతోపాటే కాలం చేసింది.

బండి ఆటోనగర్ చేరింది. మేస్త్రి సీట్లు పీకి ఎండేశాడు. కార్పెట్ ఎత్తితే కింద బుడమేరు ఇంకా అక్కడే ఉంది. వైరింగు మొత్తం మార్చాలన్నాడు. ఎక్కడిదో తెచ్చి బిగించాడు.

‘‘ఒరిజినలేనా?’’

‘‘పక్కా ఒరిజినల్ సార్. నిన్ననే ఇంకో టోటల్ లాస్ బండిలోంచి పీకాం!’’

స్టార్టయింది.

కొత్త పాలసీకి ఫొటోలు తీయడానికి వచ్చిన కుర్రాడు బానెట్ తట్టి మరీ మెచ్చుకున్నాడు: ‘‘భలే మెయింటెయిన్ చేశారు సార్!’’

ఐడీవీ ఎంత వేశాడంటారా? ఆటోనగర్ బిల్లులో సగం.