తోక లేని లైసెన్సు

బ్రిటన్‌లో 1997 నుంచి కారు లైసెన్సు పొందినవాళ్ళు పెద్ద ట్రైలర్ కట్టుకోవాలంటే వేరే పరీక్ష పాసవ్వాల్సి వచ్చేది. రివర్సు చేసి చూపాలి, ట్రైలర్ విప్పి మళ్ళీ తగిలించాలి. 2021లో అక్కడ లారీ డ్రైవర్లకు కరవొచ్చింది. లారీ పరీక్షలు జరిపే అధికారులకు తీరిక చిక్కాలని డిసెంబరు 16న ట్రైలర్ పరీక్షనే ఎత్తేశారు. ఇప్పుడు 3,500 కిలోల ట్రైలర్ దాకా మామూలు కారు లైసెన్సే చాలు. తగ్గింది ట్రైలర్ బరువు కాదు, అధికారుల బరువు!

ఈ విషయంలో మనం దొరలకన్నా ముందున్నాం. పెట్టి తీసే శ్రమ దేనికని, ట్రాక్టరు ట్రాలీకి విడిగా పరీక్షే పెట్టుకోలేదు. మన మోటారు వాహనాల చట్టం ట్రాక్టరును ఖాళీగా తూస్తుంది. 7,500 కిలోలు దాటకపోతే అది 'తేలికపాటి' వాహనం. వెనక ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ఇక ఆ ట్రాలీలోకి ఇసుక ఎక్కుతుంది, వరిగడ్డి ఎక్కుతుంది, ఎక్కకూడని కూలీలూ పెళ్ళివారూ ఎక్కుతారు. వెనక లైటు లేకపోయినా ముందు పాటల పెట్టెకు లోటుండదు.

రివర్సులో స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోతుంది. ఈ పాఠం చెప్పేది ఆర్టీవో ఆఫీసు కాదు, ఎదురింటి ప్రహరీ గోడ. పరీక్ష ఫీజు మాత్రం గోడ యజమాని అక్కడికక్కడే వసూలు చేస్తాడు!