అమ్మకి ఎంఏ ఎందుకండీ?

తెలంగాణలో పీజీ సీటు కావాలంటే సీపీగెట్ రాయాలి, ఆంధ్రలో అయితే ఏపీ పీజీసెట్. ఈ రెంటికీ ముందు ఇంట్లో జరిగే ప్రవేశపరీక్ష మరొకటుంది. దానికి నోటిఫికేషన్ లేదు, సిలబస్ లేదు, హాల్‌టికెట్ అక్కర్లేదు. నలభై దాటిన తల్లి భోజనాల దగ్గర ‘ఎంఏ కడదామనుకుంటున్నా’ అంటే చాలు, అప్పటికప్పుడు బోర్డు కూర్చుంటుంది. భర్త చైర్మన్. అత్తగారు సీనియర్ సభ్యురాలు. ఇంజనీరింగ్ చదివే కొడుకు విషయ నిపుణుడు. అతగాడికి మూడు బ్యాక్‌లాగులు ఉన్నమాట ఆ పూటకి ఎవరూ ఎత్తరు.

మొదటి ప్రశ్న ఏ ఇంట్లోనైనా ఒకటే: ‘ఇప్పుడు చదివి ఎవర్ని ఉద్ధరించాలి?’ చాలా లోతైన ప్రశ్న. కాకపోతే కొడుకుని అడగకూడదు. అతను అమెరికాలో ఎమ్మెస్ చేస్తానంటే పొలం కాగితాలు బ్యాంకుకి నడిచి వెళ్తాయి. లక్షలకి లక్షలు అప్పు చేస్తారే గాని, ఎవర్ని ఉద్ధరిస్తావురా అని అడిగే నోరు ఆ ఇంట్లో లేవదు. దూరవిద్య ఫీజు కట్టాలని తల్లి అడిగినప్పుడు మాత్రం పొదుపు గుర్తొస్తుంది.

అసలు ఆవిడ చదువు మానేసిందెప్పుడు? పదో తరగతి మూడుసార్లు చదివింది: ఒకసారి తనకోసం, రెండుసార్లు పిల్లలకోసం. ఎంసెట్ ఏడాది తెల్లారుజామున నాలుగింటికి లేచి పాలు వేడిచేసి, కెమిస్ట్రీ ఫార్ములాలు అప్పజెప్పించుకుంది. ఇక ఆవిడ సొంత డిగ్రీ పట్టా జీవితంలో ఒక్కసారే పనికొచ్చింది, పెళ్లిచూపులప్పుడు ‘పిల్ల బీఏ, ఫస్ట్‌క్లాసు’ అని మధ్యవర్తి చెప్పుకోవడానికి. తర్వాత బీరువాలో పట్టుచీరల అడుగుకి చేరింది. ఆ చీరలైనా పండక్కో పబ్బానికో బయటి గాలి పీలుస్తాయి.

రెండో ప్రశ్న వయసు. యూజీసీ నెట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి గరిష్ఠ వయోపరిమితి లేదు. పరిశోధనకిచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కి ఉంది: 30 ఏళ్లు, మహిళలకి ఐదేళ్ల సడలింపు. ‘పిల్లలు కాస్త ఎదగనీ’ అంటూ ఇల్లు ఆవిడని 35 దాకా ఆపుతుంది. 35 దాటాయి కదమ్మా అని ఫెలోషిప్ ఆపుతుంది. ఇల్లూ ఢిల్లీ కూడబలుక్కున్నాయంటే నమ్మను గాని, కూడబలుక్కున్నా ఇంతకన్నా చక్కగా కుదరదు. ఆ యూజీసీయే పీహెచ్‌డీ చేసే ఆడవాళ్లకి గడువులో అదనంగా రెండేళ్లు, ప్రసవానికో పిల్లల పెంపకానికో 240 రోజుల సెలవు ఇచ్చింది. మన ఇళ్ల నిబంధనావళిలో అంట్లు తోమడం నుంచి సెలవు గురించి ఇంకా ముసాయిదా కూడా తయారవలేదు.

మూడోది ప్రశ్న కాదు, తీర్పు. ‘పిల్లలు సెటిలయ్యాక చూద్దాంలే.’ టెన్త్ అయితే ఇంటర్, ఇంటరైతే ఉద్యోగం, ఉద్యోగమొస్తే పెళ్లి, పెళ్లయితే పురుడు. అరవై ఏళ్ల మనిషి మోకాళ్ల నొప్పులతో ఆవకాయ జాడీలు కట్టుకుని, రెండు విమానాలు మారి, కోడలి పురిటికని డల్లాస్‌లో దిగుతుంది. ఆరునెలలు పసిపిల్లకి నీళ్లుపోస్తుంది. ఈ వయసులోనా అని ఎవరూ అనరు. నిజాం కాలేజీకి సిటీ బస్సులో వెళ్లడానికే వయసు అడ్డొస్తుంది.

మన నేల మీద పెళ్లయ్యాక, పెద్దయ్యాక ఆడవాళ్లు చదవడమేం కొత్త వింత కాదు. పదేళ్లకే పెళ్లైన భండారు అచ్చమాంబ తమ్ముడి పక్కన కూచుని చదువు నేర్చి, స్త్రీల జీవితచరిత్రలే రాసింది. చిన్నప్పుడు బడి వదిలేసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పెద్దయ్యాక మెట్రిక్ కట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోతే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. తోటివాళ్లని పోగేసి హాస్టలే పెట్టుకుంది. చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లకి 1958లో సంక్షిప్త కోర్సులు మొదలయ్యాయంటే అది ఆమె చలవ. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. ‘దూరవిద్యకి విలువేముంది’ అని చప్పరించే బావగార్లకి ఒక మాట: గుర్తింపున్న సంస్థలిచ్చే దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్‌తో సమానమని యూజీసీ 2022లో ప్రకటించేసింది.

ఇంతా చేసి ఆవిడ పాసైతే అసలు తమాషా అప్పుడు మొదలవుతుంది. శాలువా ఆయనకి కప్పుతారు. ‘మావాడు ఎంత మంచివాడో, పెళ్లాన్ని చదివించాడు’ అంటారు బంధువులు. ‘ఇంటిపనికి ఏ లోటూ రానివ్వకుండా, భర్త ప్రోత్సాహంతో పట్టా సాధించిన గృహిణి’ అని పేపర్లో వేస్తారు. ‘గ్లాసు కూడా కడగకుండా, భార్య ప్రోత్సాహంతో పట్టా సాధించిన గృహస్థు’ అన్న వార్త నేనైతే ఎక్కడా చూళ్లేదు. ఆ అర్హత ఉన్నవాళ్లు మాత్రం కావలసినంతమంది ఉన్నారు.

కాబట్టి అయ్యా, పర్మిషన్లు, ప్రోత్సాహాలు మీ దగ్గరే ఉంచుకోండి. దూరవిద్య తరగతులు ఎక్కువగా ఆదివారాలే ఉంటాయి. ఆ పూట వంట మీరు చూసుకోండి. రాకపోతే నేర్చుకోండి, దానికీ గరిష్ఠ వయోపరిమితి లేదు.