బాలిలో బటర్ నాన్

బాలి వెళ్లే మనవాళ్ల సూట్‌కేసులో సగం బట్టలు, సగం ఆవకాయా కందిపొడీ. దిగీదిగగానే బటర్ నాన్ దొరికే హోటల్ కోసం వేట! పక్కనే చిన్న పూటకూటి కొట్టు, అక్కడివాళ్లు వారుంగ్ అంటారు. అన్నం చుట్టూ నాలుగు కూరలు పెట్టి ‘నాసి చంపూర్’ ఇస్తారు. తోడుగా సంబల్: రాతి రోట్లో నూరిన మిరపకాయలు, ఉల్లి. మన రోటిపచ్చడికి వరసకు చెల్లెలే. అయినా ‘ఆ తిండి మనకు పడదండీ’ అని తీర్పు, ముద్దయినా నోట పెట్టకుండానే! ఊళ్లో వారం వారం తినే నాన్ మాత్రం సముద్రం దాటినా పడుతుంది, విదేశీ ధరతో సహా. శాకాహారులకూ సాకు లేదు. సోయా గింజలు పులియబెట్టి చేసే టెంపే అక్కడ మామూలు తిండే. సంబల్‌లో తరచూ రొయ్యల ముద్ద కలుపుతారు కాబట్టి అది లేనిదే అడిగి పెట్టించుకోండి. ఆవకాయంటారా, జాడీ ఇంట్లోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు.