నౌకాశాలలోని కొయ్యబద్ద ఆత్మకథ

నేనొక కొయ్యబద్దను. విశాఖపట్టణపు రేవు చెంత, 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన మొనర్పగా, వాల్‌చంద్ హీరాచంద్‌గారి సంకల్పబలమున వెలసిన నాటి సింధియా నౌకానిర్మాణశాలలో, మోల్డు లాఫ్టు అని అందఱు పిలుచు విశాలమైన చెక్కనేల నా కర్మభూమి. ముడి యున్నచోట కొయ్య తీరుగా వంగదు గనుక, ముడిలేని మ్రానిని ఏరి, సన్నగా నిడుపుగా నన్ను చీల్చిరి.

కాగితముమీద అడుగునకు పావంగుళముగా కుదించి గీసిన ఓడ మా నేలమీద నిజప్రమాణమున విప్పారును. అక్కడ పెన్సిలు గీత మందముననే దాగిన తేడా ఇక్కడ అరంగుళమై బయటపడును. మేస్త్రీ మోకాళ్లపై కూర్చుండి, ఓడకొలతల పట్టికలోని ఒక్కొక్క కొలతను నేలపై గుర్తించి, గుర్తుగుర్తుకు మేకు దిగగొట్టి, ఆ మేకుల వెంట నన్ను వంచును. పట్టికప్రకారము ప్రతి గుర్తును సరియైనదే. అయినను ఒకచోట నేను బిఱుసెక్కి ఉబ్బుదును. అప్పుడాతడు నా కొనకు బోయి, నేలపై బోర్లపడుకొని, ఒక కన్ను మూసి, నా నిడివి యంతయు ఒక్క చూపున పరికించును. నిలుచుండి చూచినపుడు దొరకని గూని నేలబారు చూపునకు స్పష్టముగ గోచరించును. తప్పిన మేకును పెరికివేయగానే నేను నా సహజమైన వంపులోనికి సర్దుకొందును. మేకు రంధ్రమునకును నాకును నడుమ మిగిలిన ఎడమే పట్టికలోని దోషము.

అంతటితో తీరదు. ఓడను ప్రక్కనుండియు, పైనుండియు, అడ్డముగ కోసియు మూడు రూపముల గీయుదురు. వెడల్పును సవరించినచో పైరూపమునను అడ్డకోతలోను, ఎత్తును సవరించినచో ప్రక్కరూపమునను అడ్డకోతలోను దిద్ది, అక్కడ మరల నన్ను వంచి చూడవలెను. ఒకదానియందు సొంపైన గీత వేఱొకదానియందు గూనుపడుట కద్దు. మూడును ఒప్పుకొనువఱకు మేస్త్రీకి విరామము లేదు.

ఈ శ్రమ దేనికన, మా గీతలను బట్టియే ఇనుపకడ్డీని వంచి, ఆ కడ్డీని బట్టియే, కొలిమిలో ఎఱ్ఱగా కాల్చిన ఓడ ప్రక్కటెముకలను రంధ్రముల ఇనుపనేలపై చీలలు నాటి వంచుదురు. మా నేలమీద మిగిలిన గూని ఉక్కులో చేరును. అప్పుడు ఆ ఎముకలపై ఓడ పలకలు సరిగా ఆనవు.

1948 మార్చి 14వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూగారు, 8,000 టన్నుల బరువు మోయగల జల ఉషను, ఈ శాలలో పుట్టిన తొలి యోడను, నీటిలోనికి విడిచినపుడు జనులు దాని నిండురూపమును చూచి హర్షించిరి. అందలి ప్రతి వంపు వెనుక పెరికి మరల నాటిన మేకులు కలవని నేనెఱుగుదును.

రూపకల్పన చేయువారికి నేను విన్నవించునది యొక్కటే: మేకునొద్దనే కూర్చున్నవానికి గీత కనబడదు, దూరముననే నిలిచినవానికి ఏ మేకు తప్పినదో తెలియదు. మేస్త్రీ లేచి నా కొనకు బోవుట ఎంత యవసరమో, తిరిగివచ్చి దిద్దిన కొలతను పట్టికలో వ్రాయుటయు అంతే యవసరము. ఆ యంకెయే ఉక్కు కోయువాని చేతికి చేరును.