బదిలీ పిటిషన్

అనంతపురంలో ఒక గట్టు తగాదాను ఈ కోర్టు నుంచి ఆ కోర్టుకు మార్పించుకోవాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద పిటిషన్ వేయాలి. అఫిడవిట్ జతచేయాలి. ఎదుటివాడికి నోటీసు వెళ్లాలి. కారణం గట్టిగా ఉండాలి.

హైకోర్టునే మార్చాలంటే ఇంత తతంగం లేదు.

1937: శ్రీబాగ్ ఒడంబడిక. రాజధానో, హైకోర్టో, రాయలసీమ ఏది కోరితే అది.
1953: రాజధాని కర్నూలుకు.
1954: హైకోర్టు గుంటూరుకు.
1956: రెండూ హైదరాబాద్‌కు.
2019: హైకోర్టు అమరావతికి.
2020: కర్నూలు ‘న్యాయ రాజధాని’. చట్టం వచ్చింది, కోర్టు రాలేదు.
2021: ఆ చట్టమూ రద్దు.
2024: హైకోర్టు కాదు, బెంచి. అదీ అసెంబ్లీ తీర్మానమే.

ఇన్ని బదిలీల్లో సీమకు ఒక్క నోటీసూ అందలేదు. హైకోర్టు మన వానమబ్బు మాదిరే, వచ్చినట్టే వచ్చి పక్కకు పోయింది.

చెనిక్కాయ రైతు మాత్రం హైకోర్టుకు తప్పకుండా పోతున్నాడు. చంకలో గుడ్డసంచి, సంచిలో తీర్పు నకలు, చేతిలో రాత్రి బస్సు టికెట్టు. తెల్లారి దిగితే వాయిదా.

మొన్న వకీలును అడిగాడట:

“సార్, నా కేసొద్దు గానీ, ఆ హైకోర్టునే ఇట్లా బదిలీ చేయమని పిటిషన్ ఏస్తే?”

“నిక్షేపంగా ఏయొచ్చు పెద్దాయనా. అమరావతికి పోయి ఏయల్ల.”