పక్కచక్రాల మీమాంస

నలభై ఏళ్లు మోటారు సైకిలు నడిపి, అరవై దాటాక మూడు చక్రాల బండికి మారినవాణ్ణి ఏమని పిలవాలో శాస్త్రాలు తేల్చలేదు. ఎర్రగడ్డలో మాత్రం "అంకుల్" అంటారు. కాబట్టి నామకరణం అయిపోయింది. లక్షణ విచారణే మిగిలింది.

ముందు చక్రాల లెక్క తేలాలి. హార్లే డేవిడ్‌సన్ ట్రై గ్లైడ్‌కు ఉన్నవి నిజంగా మూడే. మనవాడు చేసే పని వేరు. యాక్టివా కొని, మెకానిక్ చేత వెనక చక్రానికి చెరో పక్కా ఓ బుల్లి చక్రం బిగింపించుకుంటాడు. వేలు పెట్టి లెక్కిస్తే నాలుగు. అయినా లోకం దాన్ని మూడు చక్రాల బండనే అంటుంది. లోకంతో వాదించడం శాస్త్రజ్ఞుడి పని కాదు.

ఇక పూర్వపక్షం: వయసు మీరినవాడు వేగానికి జడిసి మారతాడు. ఇది శుద్ధ తప్పు. పరుగులో ఉన్న మోటారు సైకిలు తనను తాను నిలబెట్టుకుంటుంది. పడేది ఆగినప్పుడే. సాయంత్రం భరత్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే జామయిందనుకోండి. కింద 195 కిలోల బుల్లెట్ 350. కుడిచేయి బ్రేకు మీద, ఎడమకాలు రోడ్డు మీద, ఆ కాలి కింద ఎవరో లారీలోంచి రాల్చిన కంకర. బండి అంగుళం ఒరుగుతుంది. పాతికేళ్లప్పుడు మోకాలు ఆ అంగుళాన్ని మనకు చెప్పకుండానే సర్దేసేది. ఇప్పుడు కాసేపు ఆలోచిస్తుంది. ఆ ఆలోచనలోంచే ఈ శాస్త్రం పుట్టింది. భృంగికి శివుడు మూడో కాలిచ్చింది పరుగెత్తమని కాదు, నిలబడమని.

మారాక కాళ్ల బాధ తీరి చేతుల బాధ మొదలవుతుంది. వేగంలో ఉన్న మోటారు సైకిలును ఎడమకు తిప్పాలంటే ఎడమ హ్యాండిల్‌ను కాస్త ముందుకు నెట్టాలి. అది ఎడమకు వాలి తిరుగుతుంది. ఈ సంగతి మనకు తెలియకపోయినా చేతులకు తెలుసు. పక్కచక్రాల బండి వాలదు. అలాగే నెడితే కుడికి, సరాసరి మెట్రో పిల్లరు వైపు పోతుంది. నలభై ఏళ్ల విద్యను చేతులు మరిచిపోవాలి. (చేతులకు జ్ఞాపకశక్తి యజమానికన్నా ఎక్కువ.)

గుంతల ప్రకరణం క్లుప్తంగా. రెండు చక్రాలవాడు గుంతను తప్పించగలడు. మూడు జాడలవాడు ఏ చక్రాన్ని అందులో దింపాలో ఎంచుకోగలడు, అంతే. పక్కచక్రాలు రెండూ మిట్ట మీదుండి నడిమిది పల్లంలో పడితే మరీ విశేషం. ఇంజను తిప్పేది నడిమిదాన్నే కనుక, అది గాలిలో సుదర్శనంలా తిరుగుతుంది, బండి కదలదు.

చట్టం కూడా ఈ శాస్త్రాన్ని పట్టించుకుంది. 2019 సవరణలో చేరిన అడాప్టెడ్ వెహికల్ నిర్వచనం ప్రకారం, శారీరక వైకల్యం ఉన్నవారి కోసం మార్చిన బండిని వారి అవసరానికే వాడాలి. ఆర్టీఏ వాళ్లు మోకాళ్లను ఆ కోవలో చేరిస్తే, కొడుకు బండి తీసుకుపోకుండా ఇంతకన్నా గట్టి తాళం దొరకదు.

చివరిది రివర్సు. స్కూటరుకు అది పుట్టుకతోనే లేదు. ఇదివరకు కాళ్లతో వెనక్కి తోసుకునేవాడు. ఇప్పుడు రైతుబజారు ముందు రెండు కార్ల మధ్య ఇరుక్కుంటే, వంకాయల సంచి కింద పెట్టి బండిని వెనక్కి లాగే బాధ్యత ధర్మపత్నిది. ఈ శాస్త్రంపై ఆవిడ ఖండన గ్రంథం ఒకటుంది. అది ఇంకా మౌఖిక దశలోనే ఉంది, కానీ ఆటోవాళ్లందరికీ వినపడింది.